పెళ్లికూతురి గదిలో ఆక్సిజన్ మెషీను

తుఫాను తీరం దాటింది, ఇక ప్రమాదం లేదని టీవీలో చెబుతుండగానే మా వీధిలో కరెంటు పోయింది. వార్తలు చదువుతున్న అమ్మాయి నోరు తెరిచినట్టే తెరిచి మాయమైంది. ఆ వెంటనే పక్క గదిలో నా ఆక్సిజన్ మెషీను పొడవుగా ఒక కూత కూసి ఊరుకుంది.

అక్కడి నుంచి కరెంటు తిరిగి వచ్చేదాకా ఏం జరిగిందో రాస్తున్నాను. మదురైలో ఛాతీ డాక్టరు గది బయట బెంచీల మీద కూర్చున్నప్పుడు, నాలాగే ముక్కుకు గొట్టం పెట్టుకున్నవాళ్లు దీని గురించే అడుగుతూ ఉంటారు. "తుఫాను అప్పుడు ఎట్ల బతికినారమ్మా?" అంటారు. చెప్పడం మొదలుపెడితే సగంలోనే ఆయాసం వస్తుంది. రాస్తే రాదు. అందుకే రాసి పెడుతున్నాను.

నా పేరు సరస్వతి. మాది రాజపాళయం. మా ఆయన ఊరి చివర కట్టుగుడ్డ నేసే మగ్గాల షెడ్డు నడుపుతారు. పుండ్లకూ ఆపరేషన్లకూ వాడే తెల్లటి పలచటి గుడ్డ అది. పెళ్లయిన కొత్తలో నుంచి నేనూ ఆ షెడ్డులోనే గుడ్డ మడతలు వేసి, చుట్టలు చుట్టి, కట్టలు కట్టాను. మా అమ్మాయి కవిత కోయంబత్తూరులో ఉద్యోగం చేస్తుంది. ఇంట్లో ఉండేది మేమిద్దరం, మా అత్తగారు.

ఊపిరితిత్తులు మెల్లమెల్లగా గట్టిపడిపోయే జబ్బు నాది. మొదట మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. తర్వాత తల దువ్వుకుంటే వచ్చేది. ఆ తర్వాత మాట్లాడినా వచ్చేది. ఒక డాక్టరు దగ్గరి నుంచి ఇంకో డాక్టరు దగ్గరికి తిరిగిన ఆ రోజులు నాకు సరిగ్గా గుర్తు లేవు. గుర్తున్నవి వెయిటింగ్ హాళ్లే. గోడకు టీవీ ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. పేరు పిలిస్తే అందరూ తలెత్తి, తమది కాదని తెలిసి మళ్లీ దించుకుంటారు. ఒకసారి ఒక ముసలాయన నా దగ్గు వినలేక కాబోలు, తన ఫ్లాస్కు మూతలో వేడినీళ్లు పోసి నా చేతికి ఇచ్చాడు. తాగేదాకా పక్కనే నిలబడి, మూత తీసుకుని వెళ్లి తన చోట కూర్చున్నాడు. ఆయనెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరికి ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టుకోమన్నారు. గదిలోని గాలిని లాక్కుని, అందులోంచి ఆక్సిజన్ వేరుచేసి గొట్టంలోకి పంపే పెట్టె వచ్చింది. కరెంటు ఉన్నంతసేపూ అది గుర్రుమంటూనే ఉంటుంది. మొదటి వారమంతా మా అత్తగారు దాని వంక అనుమానంగా చూసి, "ఇది పండుకోనే పండుకోదా?" అని అడిగింది. తర్వాత అలవాటు పడింది. మా ఆయన కూడా అలవాటు పడ్డారు.

నేను మాత్రం వేరే దానికి అలవాటు పడ్డాను. ఆ పెట్టె ఇంటికి వచ్చినప్పటి నుంచి నా లోపల ఏదో మొద్దుబారిపోయింది. సంతోషమూ లేదు, దిగులూ లేదు. కవిత ఫోనులో ఏడ్చినప్పుడు నేను, "అన్నం తిన్నావా?" అని అడిగాను. అది ఇంకా గట్టిగా ఏడ్చింది. నాకు ఏమీ అనిపించలేదు. జబ్బు ముదిరితే మనిషి భయంతో చచ్చిపోతాడని అనుకుంటారు. నా విషయంలో భయమే ముందు చచ్చిపోయింది.

*

కరెంటు పోయింది మంగళవారం మధ్యాహ్నం. అప్పటికే గాలి కొట్టీ కొట్టీ తగ్గింది. కొండల మీద కురిసిన వాన ఊళ్లోకి దిగుతోంది. మా వీధి మొదట్లో ఉన్న వేపచెట్టు వేళ్లతో సహా లేచి అడ్డంగా పడింది. దానితోపాటు రెండు కరెంటు స్తంభాలు వంగి, తీగలు ఇళ్ల మీద వేలాడాయి. వీధిలోకి ఎవరూ అడుగుపెట్టొద్దని పెద్దగా కేకలు వేశారు.

మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది. ఫ్యానుకూ లైట్లకూ పెట్టుకున్నది. మా ఆయన మెషీనును దానికి తగిలించారు. అలా ఎంతసేపు వస్తుందో మేము ఎప్పుడూ చూసుకోలేదు. ఎప్పుడు పోయినా గంటలో వచ్చే కరెంటు కదా అనుకున్నాం. పొద్దు వాలేసరికి ఇన్వర్టరు కూడా కూసి ఆగిపోయింది. మా ఆయన అవసరానికని మంచం కింద పెట్టుకున్న ఆక్సిజన్ సిలిండరు లాగి గొట్టం దానికి మార్చారు.

ఒక్కసారిగా ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. మెషీను లేని ఇల్లు ఎలా ఉంటుందో మరిచిపోయాను. చూరు నుంచి నీళ్లు పడే చప్పుడు, మా అత్తగారు వక్క నమిలే చప్పుడు, నా ఊపిరి చప్పుడు. అన్నిటికంటే పెద్దది నా ఊపిరే.

ఫోన్లు పనిచేయలేదు. మా ఆయన మేడ మీదికెక్కి, చెయ్యి పైకెత్తి పట్టుకుని సిగ్నలు కోసం నలువైపులా తిరిగారు. దిగి వచ్చినప్పుడు తల తుడుచుకోలేదు. నా దగ్గర కూర్చుని సిలిండరు మీటరు ముల్లు వంక చూస్తూ, "రేపటికి వచ్చేస్తాదిలే," అన్నారు.

"వస్తాది," అన్నాను నేను. రాకపోతే ఏమవుతుందో ఆలోచించాలని నాకు తోచలేదు.

*

బుధవారం రాలేదు. తళవాయిపురం వైపు రోడ్డు పొడవునా స్తంభాలు పడిపోయాయనీ, వాటిని నిలబెట్టి తీగలు లాగేదాకా ఊళ్లో సగానికి కరెంటు ఉండదనీ ఎవరో చెప్పారు. కరెంటువాళ్లను తప్పుపట్టడానికి లేదు. వానలో తడుస్తూ స్తంభాలెక్కుతున్నవాళ్లు మా కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉన్నారు.

మా ఆయన పొద్దున్నే మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్లారు. వరండాలో చాపల మీద కూడా మనుషులున్నారట. తీసుకురండి, ఎక్కడో ఒకచోట కూర్చోబెడతాం, కానీ ఉన్న ఆక్సిజను లోపలివాళ్లకే సరిపోతుందో లేదో చెప్పలేం అన్నారట. మందుల షాపు ఆయన దగ్గర నింపిన సిలిండరు ఒక్కటీ లేదు. సగం వాడి ఎవరో తిరిగి ఇచ్చిన చిన్న సిలిండరు ఉంటే, దాన్ని భుజాన వేసుకుని వచ్చారు.

"సరసూ, కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకుపోతాము. ఆసుపత్రికి పోదాము," అన్నారు.

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"లేచేదానికి ఓపిక లేదు."

అది నిజం కాదు. అబద్ధమూ కాదు. వెళ్లాలని అనిపించలేదు, ఉండాలని కూడా అనిపించలేదు. మంచం ఉంది కనుక మంచం మీద ఉన్నాను.

ఆయన మా అత్తగారి వైపు తిరిగి, "అమ్మా, నువ్వన్నా చెప్పు. నువ్వూ రా, ముగ్గురమూ పోదాము," అన్నారు.

"నేను యాడికీ రాను. నీళ్లలో పడితే నడుము విరుగుతాది. మీరు పోండి. నేను ఈడ్నే ఉంటాను," అంది ఆవిడ.

"ఒక్కదాన్ని ఇరట్లో వదిలేసి ఎట్ల పోయేది?" అన్నారు ఆయన. చీకటిని మా ఇంట్లో ఇరుటు అంటాం.

"అయితే పోవద్దు."

అప్పుడు ఆయన అరిచారు. మా పెళ్లయినప్పటి నుంచి ఆయన తన తల్లి మీద గొంతెత్తడం నేను వినలేదు. "ఎవుర్ని చూసుకునేది నేను? నిన్నా, దాన్నా? ఇద్దురూ కదలము అంటా ఉండారు. ఇంగ నేనేమి చేసేది? నాకు చెప్పండి, నేనేమి చేసేది?"

మా అత్తగారు వక్క నమలడం ఆపేసింది. ఆయన వెళ్లి గుమ్మంలో, మా వైపు వీపు పెట్టి కూర్చున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారని తెలుసు. పిలిచి ఓదార్చాలని తెలుసు. తెలిసినా, ఇదంతా గోడ అవతల ఇంకెవరి ఇంట్లోనో జరుగుతున్నట్టు వింటూ ఉండిపోయాను. తర్వాత డాక్టరు చెప్పారు, ఒంట్లో ఆక్సిజను తగ్గితే అలాగే ఉంటుందని. కావచ్చు. కానీ ఆక్సిజను సరిపోయిన తర్వాత కూడా అది పోలేదు.

ఆ సాయంత్రం సిలిండరు మీద మర తిప్పి ఆక్సిజను బాగా తగ్గించారు. ఎక్కువసేపు రావాలని. దిండ్లు పేర్చి, కిటికీకి ఆనించి కూర్చోబెట్టారు. మా అత్తగారు ఎప్పుడు లేచి వచ్చిందో, నా కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు రుద్దడం మొదలుపెట్టింది. పాదాలు చల్లబడ్డాయని నాకు అప్పుడే తెలిసింది.

*

గురువారం తెల్లవారాక వాన ఆగింది. నా గోళ్లు నేరేడుపండు రసం అంటినట్టున్నాయి. మా ఆయన నా వేలికి ఆక్సిజను చూసే మీటరు పెట్టి చూసి, ఎంత ఉందో చెప్పకుండా దాన్ని జేబులో వేసుకున్నారు.

అప్పుడు వినిపించింది ఆయనకు. మా వెనక వీధిలో ఉన్న కల్యాణ మండపం నుంచి జెనరేటరు చప్పుడు. అంతకుముందు వానలో వినబడలేదో, అప్పుడే వేశారో తెలియదు. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారు.

అక్కడ జరిగింది ఆయన తర్వాత చెప్పారు. చోళపురం రైతు కుటుంబంలో పెళ్లి అది. శుక్రవారం ముహూర్తం. తుఫాను వచ్చినా ఆపలేదు. చుట్టాలు ముందే వచ్చి మండపంలో చిక్కుకుపోయారు. పెళ్లికూతురి తండ్రి వెంకటసామి గారు వంటశాల దగ్గర కూరగాయల బస్తాలు దింపిస్తున్నారు. మా ఆయన వెళ్లి ఆయన ముందు నిలబడ్డారట. చేతులు జోడించారట.

"ఏమన్నా, ఏమి కావాల?" అని అడిగారట వెంకటసామి గారు.

"ఇంటామెకి మూచ్చు ఆడలేదు. మెషీను ఉండాది, కరెంటు లేదు." మూచ్చు అంటే మాకు ఊపిరి.

"మెషీను మామూలు ప్లగ్గేనా?"

"మామూలుదే."

"అయితే ఇంగేమి అడిగేది ఉండాది? ఉడనే, ఇప్పుడే తీసుకురాండి. మేయ్, ఎవురురా ఆడ, ఇద్దురు ఈ అన్నతో పోండి!"

వంటవాళ్లలో ఇద్దరు వచ్చారు. ఆటో వచ్చే దారి లేదు, వేపచెట్టు అడ్డం. నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి చీర కొంగుతో నడుముకు కట్టారు. వాళ్లిద్దరూ కుర్చీ ఎత్తారు, మా ఆయన సిలిండరు పట్టుకుని పక్కన నడిచారు. ఎదురింటి కనకమ్మ మెషీనును తోపుడు బండిలో పెట్టుకుని వెనకే వచ్చింది. మా అత్తగారు గుమ్మంలో నిలబడి, "నన్ను గురించి కవల పడొద్దు, దిగులేమీ వద్దు, పోరా. కనకమ్మ ఉండాది," అంది. కొమ్మల కింద నుంచి, నీళ్లలో నుంచి నన్ను మోసుకుపోతుంటే ఆకాశం చాలా శుభ్రంగా ఉంది. చచ్చిపోయినవాళ్లను కూడా ఇలాగే మోస్తారు కదా అనుకున్నాను. అంతే అనుకున్నాను. గుండె ఏమీ కొట్టుకోలేదు.

మండపంలో గట్టి గోడలూ, మంచమూ, సరిగ్గా పనిచేసే ప్లగ్గూ ఉన్న గది ఒక్కటే. పెళ్లికూతురు అలంకరించుకునే గది. నన్ను అక్కడ దించారు. మెషీను పెట్టి స్విచ్చి వేశారు. గుర్రుమంది. మా ఆయన గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి, నేల మీద కూర్చుండిపోయారు.

ఆ గదిలో ఒక పెద్ద అద్దం, దాని చుట్టూ బల్బులు. దాని ముందు పెళ్లికూతురు చేతులకు గోరింటాకుతో కూర్చుని ఉంది. పేరు నివేద. ఇరవై ఏళ్లు దాటి ఉంటాయి. నన్ను అద్దంలోనే చూసి, నా వైపు తిరిగి నవ్వింది.

"పెద్దమ్మా, ఈ అద్దం లైట్లు కూడా కరెంటు తింటాయి కదా?"

నేను తల ఊపాను.

"ఆపేయండి," అంది పక్కనున్న అమ్మాయితో. "కిటికీ దగ్గర వెలుతురు ఉండాది, నేను ఆడ కూసుంటాను."

కాసేపటికి వెంకటసామి గారు గుమ్మం బయటి నుంచే గట్టిగా చెప్పడం వినిపించింది. బంకుల్లో డీజిలు దొరకడం లేదు, ఉన్నదాంతోనే రేపు ముహూర్తం దాకా లాగాలి, కాబట్టి ఏసీలు వద్దు, రంగు దీపాలు వద్దు, మైకు వద్దు, సాయంత్రం రిసెప్షను పొద్దుండగానే అయిపోవాలి అని. ఎవరో గొణిగారు. ఆయన మళ్లీ అదే మాట అదే గొంతుతో చెప్పారు.

మధ్యాహ్నం పెళ్లికొడుకు మేనత్త లోపలికి వచ్చింది. పెద్దావిడ. జరీ చీర, మెడ నిండా గొలుసులు. నన్నూ, నా ముక్కు గొట్టాన్నీ, మెషీనునూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. గొంతు తగ్గించాననుకుని అంది గానీ నాకు వినిపించింది.

"ఏంది ఇది? పెండ్లికూతురు రూములో ఒంట్లో బాగలేని మనిషా? రేపు ముహూర్తం పెట్టుకుని? బయట హాలులో యాడన్నా పండబెట్టకూడదా?"

"హాలులో ప్లగ్గుకి కరెంటు ఆపేసినారు అత్తా," అంది నివేద.

"అయితే వేరే ఇంట్లో చూసుకుంటారు. శుభమా అని పెండ్లి జరిగే చోట ఇట్ల మూలుగు వినబడితే మావాళ్లు ఏమంటారు?"

మా ఆయన లేచి నిలబడ్డారు. నేను మూలగడం లేదు, అది నా ఊపిరి. అయినా ఆవిడ అన్నది నాకు తప్పుగా అనిపించలేదు. నిజంగా ఏదీ ఏ విధంగానూ అనిపించలేదు. "నేను పోతానమ్మా. కుర్చీ తెప్పించండి," అన్నాను. ఆ మాటలు అనడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగాను. అందరూ వింటూ నిలబడ్డారు.

నివేద కిటికీ దగ్గరి నుంచి లేచింది. గోరింటాకు చెరగకుండా చేతులు ముందుకు చాచుకుని వచ్చి, మెషీను పక్కన నిలబడింది.

"అత్తా, ప్లగ్గు ఇది," అంది, మోచేత్తో చూపించి. "పీకేది ఎవురు? మీరు పీకుతారా? నా చేతితో నేను పీకను."

ఎదిరించినట్టు అనలేదు. నిజంగానే అడిగింది. ఇంకా మెడలో తాళి పడని పిల్ల, రేపటి నుంచి ఎవరి ఇంట్లో మసలాలో ఆవిడతో అంటోంది ఆ మాట. మాటలు విని వచ్చి గుమ్మంలో నిలబడ్డ వెంకటసామి గారి ముఖం పాలిపోయింది. పెళ్లి ఆగిపోతుందేమోనని ఆయన భయపడ్డారని నాకు అర్థమైంది.

మేనత్త ప్లగ్గు వంక చూసింది. నా వంక చూసింది. నా గోళ్లు కూడా చూసిందనుకుంటాను. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

నివేద మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చుంది. మెషీను గుర్రుమంటూ ఉంది.

చాలాసేపటికి తలుపు తోసుకుని మళ్లీ వచ్చింది ఆవిడే. చేతిలో పళ్లెం, అందులో రసంలో నానబెట్టిన ఇడ్లీ. మంచం పక్కన కూర్చుని, ఇడ్లీని వేళ్లతో మెత్తగా చిదిపి, "మింగు," అంది. "నమలొద్దు, మూచ్చు పట్టుకుంటాది. సుమ్మా, ఊరికే మింగు." ముద్దకీ ముద్దకీ మధ్య నా ఊపిరి కుదురుకునేదాకా చెయ్యి గాలిలోనే ఆపి ఉంచింది. క్షమించమని అనలేదు. పళ్లెం ఖాళీ అయ్యాక కొంగుతో నా మూతి తుడిచింది.

*

శుక్రవారం ఉదయం జెనరేటరు దగ్గింది. చప్పుడు పల్చబడి, అద్దం పక్కన ఉన్న ఒక్క లైటు ఎర్రగా అయింది. డీజిలు అడుగుకు వచ్చింది. ముహూర్తానికి ఇంకా సమయం ఉంది. మా ఆయన సిలిండరు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. అందులో మిగిలింది చాలా తక్కువని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

బయట ఎవరో పరిగెడుతున్న చప్పుడు. తర్వాత వెంకటసామి గారి తమ్ముడి గొంతు. చోళపురంలో తమ ట్రాక్టరు ట్యాంకులో ఉన్న డీజిలంతా గొట్టం పెట్టి లాగి క్యానులో పట్టుకొచ్చాడట. పక్క పొలం వాళ్లు కూడా తమ ట్రాక్టరులోది ఇచ్చారట. రోడ్డు తెగినచోట క్యానును తల మీద పెట్టుకుని నీళ్లలో దాటాడట. పెళ్లికి కట్టుకున్న పట్టు పంచె నడుము దాకా బురద.

జెనరేటరు మళ్లీ సరిగ్గా పాడడం మొదలుపెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను. పక్కన మా ఆయన, "అబ్బా... అబ్బా..." అంటున్నారు.

మైకు లేని పెళ్లి వినడం నాకు అదే మొదటిసారి. నాదస్వరం గది గోడల దాకా వచ్చి ఆగింది. మంత్రాలు మంత్రాల్లాగే వినిపించాయి. గెట్టిమేళం అనగానే డోలు దడదడలాడింది. ఆ చప్పుడులో మెషీను చప్పుడు కలిసిపోయింది.

తాళి కట్టాక నివేదా, పెళ్లికొడుకూ గదిలోకి వచ్చి నా కాళ్లకు దండం పెట్టారు. వద్దని చెప్పబోయాను. నేనేం దీవించగలను? ఒంట్లో ఊపిరి లేదు, మనసులో మాట లేదు. ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టాను. ఆ పిల్ల తల వెచ్చగా ఉంది, పూలు తడిగా ఉన్నాయి. ఏదైనా అనాలి కదా అని, "బాగుండండి," అన్నాను. ఆ పెళ్లికొడుకు సిగ్గుపడుతూ, "మీరూ బాగుండాలమ్మా," అన్నాడు.

భోజనాలయ్యాక చుట్టాలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పందిరి విప్పారు. పాత్రలు కడిగారు. మేమూ లేవాలి కదా అని మా ఆయన మూటలు సర్దుతుంటే వెంకటసామి గారు వచ్చారు. ముఖం అంతా అలసట.

"మండపం వాళ్లతో పేసి పెట్టినాను అన్నా, అంతా మాట్లాడేసినాను. కరెంటు వచ్చే వరకు ఈడ్నే ఉండండి. క్యానులో ఇంగా డీజిలు ఉండాది. వాచ్‌మేన్ చూసుకుంటాడు," అన్నారు.

మా ఆయన ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. వెంకటసామి గారు చేతులు విడిపించుకుని, పిల్లను అంపకం పెట్టడానికి వెళ్లిపోయారు.

*

కరెంటు శనివారం వచ్చింది. ఇంటికి వెళ్లేసరికి మా అత్తగారు వరండాలో కూర్చుని ఉంది. కనకమ్మ ఇంటి నుంచి వచ్చిన గంజి గిన్నె పక్కన ఉంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక, "వచ్చినావా?" అంది. "నువ్వు రాకుంటే నేను వాడి ముఖం ఎట్ల చూసేది అని కూసోని ఉండినాను." మా ఆయన ఆవిడ పక్కన కూర్చుని, ఆ గిన్నెలో మిగిలిన గంజి తాగారు.

ఆ తర్వాత ఛాతీలో నెమ్ము చేరిందని మదురైలో కొన్నాళ్లు ఉన్నాను. కవిత వచ్చి పక్కనే ఉంది. ఫోను కలవని ఆ రోజుల్లో తను ఎలా ఉందో చెప్పి చెప్పి ఏడ్చేది. నేను దాని చెయ్యి పట్టుకుని పైకప్పు చూసేదాన్ని. డాక్టరు అన్ని లెక్కలూ బాగున్నాయన్నారు. ఇంటికి పంపారు. నేను తిన్నాను, పడుకున్నాను, ఎవరైనా వస్తే నవ్వాను. అందరూ సరస్వతి ధైర్యవంతురాలన్నారు. అది ధైర్యం కాదని వాళ్లకు ఎలా చెప్పాలో తెలియలేదు.

నాలాంటివాళ్ల ఇళ్లలో ఉన్నవారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాన రాకముందే మీ ఇన్వర్టరు మీద మెషీను పెట్టి, ఎంతసేపు వస్తుందో చూసుకోండి. కరెంటు ఆఫీసుకు వెళ్లి మా ఇంట్లో ఇలాంటి మనిషి ఉందని ముందే చెప్పి ఉంచండి. మీ చుట్టుపక్కల జెనరేటరు ఎవరి దగ్గర ఉందో తెలుసుకోండి, అడగడానికి మొహమాటపడకండి. ఇంకొకటి. జబ్బు మనిషి "వద్దు, నేను ఇక్కడే ఉంటాను" అంటే నమ్మకండి. ఆ మాట ఆమెది కాకపోవచ్చు.

*

చిత్తిర నెలలో, ఎండలు మండుతున్న ఒక మధ్యాహ్నం జరిగింది ఇది. కవిత పంపిన డబ్బుతో మా ఇంట్లో పెద్ద బ్యాటరీలు పెట్టించి అప్పటికి కొన్నాళ్లయింది. నేను మంచం మీద కూర్చుని ఊరగాయకు మామిడికాయ ముక్కలు తుడుస్తున్నాను. గాలి లేదు, వాన లేదు. ఊరికే కరెంటు పోయింది. మెషీను కూసింది. కొత్త బ్యాటరీ అందుకోవడానికి రెప్పపాటు పట్టింది, అంతే. మళ్లీ గుర్రుమంది.

ఆ రెప్పపాటులో నేను లేచి నిలబడ్డాను. ముక్కలన్నీ నేల మీద పడ్డాయి. గుండె దడదడ కొట్టుకుంటోంది. "ఏమండీ! ఏమండీ!" అని నేను అరిచిన అరుపు నాకే కొత్తగా వినిపించింది.

మా ఆయన సగం గీసుకున్న గడ్డంతో, ముఖమంతా సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చారు. ఆయన చొక్కా రెండు చేతులా పట్టుకున్నాను.

"ఏమైనాది సరసూ? మెషీను ఓడతా ఉండాదే, ఆగలేదే! బ్యాటరీ ఉండాది కదా!"

"తెలుసు."

"మరి?"

"భయంగా ఉండాది," అన్నాను. "చచ్చిపోతానని భయంగా ఉండాది."

అని ఏడవడం మొదలుపెట్టాను. ఊపిరి చాలదు, అయినా ఆగలేదు. ఆయన కంగారుపడి నా వీపు నిమురుతూ, "ఏడవొద్దు, ఏడవొద్దు, ఆయాసం వస్తాది," అంటున్నారు.

మా అత్తగారు గోడ పట్టుకుని మెల్లగా గదిలోకి వచ్చింది. కింద పడిన ముక్కలు తొక్కకుండా చూసుకుంటూ వచ్చి, మంచం కోడు పట్టుకుని నిలబడింది.

"నువ్వు పేసకుండా ఉండరా," అంది కొడుకుతో. "ఏడవనీ దాన్ని."